విశాఖలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌ను రోజువారీ అద్దెకు మనమే నడుపుకోవడం: లెక్క ఎక్కడ తేలుతుంది, ఎక్కడ తప్పుతుంది

ప్రశ్న: ఉద్యోగం హైదరాబాద్‌లో. విశాఖలో మధురవాడ, రుషికొండ మధ్య డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాను. నెల అద్దెకిస్తే 20 వేలు వస్తుందట. టూరిస్టులకు రోజువారీ ఇస్తే అంతకు రెండింతలు మిగులుతుందని అంటున్నారు. నడిపిపెట్టడానికి ఒక సంస్థ 20 శాతం అడుగుతోంది. ఇక్కడి నుంచి నేనే నడుపుకోగలనా? బాగా నడిస్తే అరకులో కూడా కొంచెం స్థలం కొని కాటేజీలు వేయాలని ఉంది.

సమాధానం:

నడుపుకోగలరు. అయితే రెండింతలు అన్న మాట నమ్మి మొదలుపెట్టకండి. ముందు కాగితం మీద లెక్క వేయండి.

అందరూ వేసే లెక్క ఇలా ఉంటుంది: రాత్రికి 3,200, నెలకు 30 రాత్రులు, 96 వేలు. అసలు లెక్క వేరు. ఏడాదికి 200 రాత్రులు నిండాయనుకోండి, అంటే 55 శాతం. కొత్తవాళ్లకు అది మంచి సంఖ్యే. రాబడి 6,40,000. సగటున ఒక్కో కుటుంబం రెండు రాత్రులుంటే ఏడాదికి 100 సార్లు ఇల్లు ఖాళీ అయి మళ్లీ నిండుతుంది. ప్రతిసారీ శుభ్రం చేయించి, దుప్పట్లు, తువ్వాళ్లు లాండ్రీకి వేయడానికి 700 పెట్టుకుంటే 70,000. సబ్బులు, టీపొడి, తాగునీటి క్యాను, టిష్యూలకు ఒక్కో బసకు 150, అంటే 15,000. ఎయిర్‌బిఎన్‌బి లాంటి బుకింగ్ వేదికల కమిషన్ కలగలిపి 12 శాతం అనుకుంటే 76,800. కరెంటు రాత్రికి 18 యూనిట్లు, యూనిట్ పది రూపాయలు, పైన ఫిక్స్‌డ్ ఛార్జీలు కలిపి 40,000. అసోసియేషన్ మెయింటెనెన్స్ 36,000, ఇంటర్నెట్ 11,000, మరమ్మతులు 40,000, ఆస్తి పన్ను, బీమా 15,000, తాళం చూసుకునే స్థానిక మనిషికి నెలకు 4,000 చొప్పున 48,000. చివరిగా, దాదాపు అందరూ మర్చిపోయేది ఒకటుంది: మంచాలు, పరుపులు, ఏసీలు, సోఫా, వంటసామగ్రి కలిపి 5 లక్షలు పెట్టారనుకుంటే అవి ఐదేళ్లకు మించి నిలవవు. ఏడాదికి లక్ష పక్కన పెట్టాలి. అన్నీ కలిపితే ఖర్చు 4,51,800. మిగిలేది 1,88,200.

నెల అద్దెకిస్తే ఏడాదికి 2,40,000. అందులో ఆస్తి పన్ను, బీమా 15,000 తీసేస్తే 2,25,000 మిగులుతుంది. మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్లే కడతారు. అంటే ఇంత శ్రమపడి 36,800 తక్కువ! ఇక 20 శాతం సంస్థకిస్తే మరో 1,28,000 పోయి మీ చేతికి అరవై వేలే వస్తుంది. అందుకే ఈ సైజు ఫ్లాట్‌ను మనమే నడుపుకుంటే తప్ప అర్థం లేదు. అయితే మనమే నడిపినంత మాత్రాన కూడా సరిపోదని పైలెక్క చెబుతోంది.

ఆ లోటు పూడే దారులు రెండు. మొదటిది, రాత్రులు పెంచడం. పైలెక్క ప్రకారం అదనంగా నిండే ప్రతి రాత్రి ఖర్చులు పోగా 2,200 దాకా తెస్తుంది. 17 రాత్రులు పెరిగితే నెల అద్దెతో సమానం, ఆపైనంతా లాభం. రెండోది, బస పొడవు పెంచడం. సగటు రెండు రాత్రుల నుంచి మూడుకు పెరిగితే అవే 200 రాత్రులకు ఇల్లు మారేది 100 సార్లు కాదు, 67 సార్లే. ఒక్కోసారికి 850 చొప్పున 28 వేలు మిగులుతుంది. ఒక్క కొత్త గెస్ట్ రాకుండానే లోటులో ముప్పావు వంతు తీరిపోయింది. కాబట్టి శుక్ర, శనివారాలకు కనీసం రెండు రాత్రులు అని పెట్టండి. మూడో రాత్రికి 10 శాతం, వారానికి 20 శాతం తగ్గింపు ఇవ్వండి. ఒక్క రాత్రి బసలను మధ్యలో మిగిలిన ఖాళీలు పూడ్చడానికే ఉంచుకోండి. ఒక్క రాత్రి కోసం వచ్చే స్థానిక యువకుల గుంపులు పార్టీకి వస్తారు. అసోసియేషన్‌తో గొడవలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

అసోసియేషన్ మాట వచ్చింది కాబట్టి అది ముందు తేల్చుకోండి. మంచాలు కొన్నాక అనుమతి అడిగితే బేరమాడే స్థితిలో మీరుండరు. బైలాస్ (అసోసియేషన్ నియమావళి) కాపీ తీసుకుని ‘నివాసానికి మాత్రమే’, ‘గెస్ట్ హౌస్‌గా వాడరాదు’ వంటి మాటలు ఉన్నాయేమో చదవండి. లేకపోతే కమిటీకి ఉత్తరం రాయండి. ఎంతమందికి మించి దింపరో, ఒక్క కారు పార్కింగే వాడతారని, రాత్రి 10 తర్వాత శబ్దం ఉండదని, క్లబ్‌హౌస్, ఈతకొలను గెస్టులకు ఇవ్వబోరని, గొడవ జరిగితే పదిహేను నిమిషాల్లో వచ్చే మనిషి ఫోన్ నంబరు ఇదని అందులో రాసి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట అనుమతి కమిటీ మారగానే పోతుంది. కమిటీ ఒప్పుకోకపోతే ఆ ఫ్లాట్‌లో ఈ పని వద్దు, నెల అద్దెకే ఇచ్చేయండి. దొంగచాటుగా నడిపితే గెస్టులను గేటు దగ్గరే ఆపేస్తారు, మీ రేటింగ్ అక్కడే పడిపోతుంది.

కరెంటు కనెక్షన్ సంగతి చాలామంది పట్టించుకోరు. గృహ కేటగిరీ కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 126 కింద అది అనధికార వాడకం. తనిఖీలో తేలితే వర్తించే టారిఫ్‌కు రెట్టింపు చొప్పున వసూలు చేస్తారు. ఎప్పటి నుంచి అలా వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కగడతారు. యూనిట్‌కు రెండు మూడు రూపాయలు మిగుల్చుకోవడానికి అంత ప్రమాదం తెచ్చుకోవద్దు. విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి కేటగిరీ మార్పించుకోండి. పైలెక్కలో పది రూపాయలు వేసింది అందుకే. ఇంటి బీమా, గృహరుణం పత్రాలు కూడా ఒకసారి తీసి చూడండి. మామూలు ఇంటి బీమా రోజువారీ అద్దె వాడకాన్ని కవర్ చేయకపోవచ్చు. ఆ సంగతి ముందే చెప్పి పాలసీ తీసుకుంటే నష్టం జరిగినరోజు కంపెనీతో వాదన ఉండదు.

పన్నుల విషయం. మీ మొత్తం వ్యాపార రాబడి ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వేదికల ద్వారా వచ్చే బుకింగ్‌ల మీద జీఎస్టీని ఆ వేదికే గెస్ట్ దగ్గర వసూలు చేసి కడుతుంది. రోజుకు 7,500 వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతం. బుకింగ్ మొత్తం మీద 0.1 శాతం టీడీఎస్‌ను వేదిక మీకిచ్చే డబ్బులోంచి కోస్తుంది. పాన్ ఇచ్చిన వ్యక్తులకు ఏడాదికి 5 లక్షల లోపు రాబడైతే అదీ కోయరు. పాన్ ఇవ్వకపోతే మాత్రం 5 శాతం పోతుంది, కాబట్టి మొదటిరోజే ఎక్కించండి. ఆదాయపు పన్నులో శుభ్రత, దుప్పట్లు, సేవలతో కూడిన రోజువారీ అద్దెను సాధారణంగా వ్యాపార ఆదాయంగానే చూపాలి. ఇంటి అద్దెకు వచ్చే 30 శాతం మినహాయింపు దీనికి రాదు. బదులుగా ఖర్చులన్నీ, ఫర్నిచర్ మీద ఏడాదికి 10 శాతం తరుగుదల తీసుకోవచ్చు. ఈ పనికి విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి, ప్లంబర్‌కు ఇచ్చే మూడు వందలు కూడా అందులోంచే యూపీఐ చేయండి. ఏడాది చివర ఆడిటర్‌కు ఆ ఒక్క స్టేట్‌మెంటు ఇస్తే చాలు.

గెస్టుల రిజిస్టర్ తప్పనిసరిగా పెట్టండి: పేరు, ఊరు, ఫోన్, వచ్చిన తేదీ, వెళ్లే తేదీ, బండి నంబరు, వచ్చిన పెద్దవాళ్లందరి గుర్తింపు కార్డు. ఆధార్ ఇస్తామంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి, లేదా డ్రైవింగ్ లైసెన్స్. బుక్ చేసినవాళ్ల కార్డు ఒక్కటే తీసుకుని వదిలేయడం పెద్ద తప్పు. ఫ్లాట్ ఫలానా పనికి వాడుతున్నామని స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఒక ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. విదేశీ పాస్‌పోర్టు మీద వచ్చిన గెస్ట్ ఉంటే 24 గంటల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయమైన ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లో వివరాలు ఎక్కించాలి. ఇప్పటికీ అందరూ ఫారం-సి అనే పిలుస్తారు. ఆ పోర్టల్‌లో ఖాతా అనుమతికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి గెస్ట్ వచ్చాక కాదు, ఇప్పుడే తెరిచి ఉంచుకోండి. అన్నట్టు, కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు పథకం ఉంది కదా అని దానికోసం తిరగకండి. అది యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉంటూ ఒకటి నుంచి ఆరు గదులు ఇచ్చేవాళ్లకు. మీరు హైదరాబాద్‌లో ఉంటారు కాబట్టి అది మీకు సరిపోదు.

ఇక ఇల్లు. విశాఖలో సముద్రానికి ఒకటి రెండు కిలోమీటర్లలో ఉన్న ఫ్లాట్‌కు మొదటి శత్రువు ఉప్పుగాలి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ సముద్రం వైపు గోడకు బిగిస్తే రెండు మూడేళ్లకే కాయిల్ రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. వీలైతే వెనకగోడకు బిగించండి, రాగి కాయిల్, పూత ఉన్నది కొనండి, పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కాయిల్ మీద పలచగా పోయించండి. ప్రెషర్ గన్ వద్దు, రెక్కలు వంగిపోతాయి. బాల్కనీ గడియలు, కీలు, మరలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువైతే నెలల్లోనే టీ మరకల్లా తుప్పు చారలు వస్తాయి. 316 రకం ధర ఎక్కువే అయినా అక్కడ అదే వాడాలి. ఇనుప మంచాలు వద్దు.

రెండోది కరెంటు లోడ్. గెస్టులు సాయంత్రం బీచ్ నుంచి రాగానే రెండు ఏసీలు, రెండు గీజర్లు, ఇండక్షన్ స్టవ్ ఒకేసారి వేస్తారు. ఏసీలు ఒక్కొక్కటి ఒకటిన్నర కిలోవాట్, గీజర్లు రెండేసి, స్టవ్ రెండు. కలిపితే తొమ్మిది. ఇంటికి మంజూరైన లోడ్ మూడే అయితే ఎంసీబీ పడిపోతుంది, రాత్రి పదిన్నరకు మీకు ఫోన్ వస్తుంది. లోడ్ పెంచుకోండి. త్రీఫేజ్ వస్తే ఏసీలు ఒక ఫేజ్ మీద, గీజర్లు మరోదాని మీద, వంటగది ఇంకోదాని మీద పంచండి. ఏసీ, గీజర్ లైన్లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, ఇల్లు మొత్తానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. స్నానాల గదిలో గీజర్ లీకేజీ షాక్ నుంచి ప్రాణం కాపాడేది ఆ చివరిదే. గీజర్ థర్మోస్టాట్ 50 డిగ్రీల దగ్గర ఆపించండి. పిల్లలు కాల్చుకోరు, బిల్లూ తగ్గుతుంది.

గ్యాస్ పెట్టవద్దు. ఇంటి వాడకానికిచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను వ్యాపారానికి వాడకూడదు, పైగా తెలియని ఇంట్లో తెలియని మనిషి రెగ్యులేటర్ వదిలేసి వెళ్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇండక్షన్ స్టవ్, దానికి సరిపడే చదును అడుగు గిన్నెలు, 3 లీటర్ల కుక్కర్, రైస్ కుక్కర్, మిక్సీ, కాఫీ ఫిల్టర్ పెట్టండి. మన కుటుంబాలు చిన్నపిల్లలకు పప్పన్నం వండుకోవడానికే హోటల్ వదిలి ఫ్లాట్‌కు వస్తాయి. మిక్సీ, కుక్కర్ ఫొటోలు లిస్టింగ్‌లో కనిపిస్తే ఎక్కువరోజులుండే కుటుంబాలు దొరుకుతాయి.

దుప్పట్లు, తువ్వాళ్లు ఒక్కో మంచానికి మూడు జతలు: ఒకటి మంచం మీద, ఒకటి లాండ్రీలో, ఒకటి బీరువాలో. రెండు జతలతో మొదలుపెట్టినవాళ్లు మొదటి వానాకాలంలోనే ఇబ్బంది పడతారు, ఎందుకంటే లాండ్రీలో ఆరవు. తువ్వాళ్లు 450–500 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) చాలు. హోటల్లా ఉండాలని 700 జీఎస్‌ఎం కొంటే విశాఖ తేమలో ఆరక ముక్కవాసన వస్తుంది. తెల్లవే కొనండి, రంగువైతే ఒకటి పాడైతే జత మొత్తం మార్చాలి. పరుపుకు నీళ్లు దిగని కవరు, దిండుకు జిప్ ఉన్న లోపలి కవరు తప్పదు, తలనూనె దిండులోకి దిగితే ఇక పోదు. గలీబు మీద నూనె మరకకు గిన్నెలు తోమే లిక్విడ్ రాసి ఇరవై నిమిషాలు వేడినీళ్లలో నానబెట్టి ఉతకాలి. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. దాన్ని చూసి కంగారుపడి బ్రష్‌తో రుద్దితే బట్ట పోతుంది తప్ప మరక పోదు. మామూలుగా ఉతికి, తడిగానే మంచి ఎండలో ఆరేస్తే చాలావరకు తెల్లబడుతుంది. గోరింటాకు మాత్రం పోదు, ఆ దుప్పటి వదులుకోవడమే.

ఎవరూ చెప్పని చిన్న విషయం ఒకటి, అన్నిటికంటే ఎక్కువ చెడ్డ రివ్యూలు తెచ్చేది: స్నానాల గదిలో నహానీ ట్రాప్, అంటే నేలమీది నీళ్లు పోయే జాలీ కింద కొంచెం నీళ్లు నిలిచి పైపు వాసనను ఆపే గిన్నె. ఇల్లు వారం పది రోజులు ఖాళీగా ఉంటే ట్రాప్‌లో నిలిచిన నీళ్లు ఆవిరైపోతాయి. పైపులోని మురుగువాసన, బొద్దింకలు నేరుగా గదిలోకి వస్తాయి. గెస్ట్ తలుపు తీయగానే ‘ఇల్లు కంపు’ అని రాస్తారు, నేల ఎంత తుడిచినా లాభం లేదు. ఇల్లు మూడు రోజులకు మించి ఖాళీ ఉంటుందనుకుంటే ప్రతి ట్రాప్‌లో, వాష్‌బేసిన్‌లో, బాల్కనీ డ్రెయిన్‌లో ఒక్కో మగ్గు నీళ్లు పోయించి, మీద ఒక చెంచా కొబ్బరినూనె వేయించండి. నూనె పొర పైన తేలి నీళ్లు ఆవిరి కాకుండా ఆపుతుంది. బీచ్ ఇసుక కూడా ఆ ట్రాప్‌లోనే చేరి గట్టిపడుతుంది. గుమ్మం బయట ఒక గరుకు పట్టా, లోపల ఒక మెత్తటి పట్టా, స్నానాల గదిలో చేతి షవర్ దగ్గర ‘కాళ్లు ఇక్కడ కడుక్కోండి’ అన్న కాగితం పెట్టి, ట్రాప్ జాలీ నెలకోసారి తీసి శుభ్రం చేయించండి.

తలుపుకు నంబర్ లాక్ పెట్టుకుంటే తాళం ఇచ్చిపుచ్చుకోవడం తప్పుతుంది. ప్రతి గెస్ట్‌కూ కొత్త కోడ్, చెక్-అవుట్ వేళకు రద్దయ్యేలా. బ్యాటరీలు ఆరు నెలలకోసారి తేదీ పెట్టుకుని మార్చించండి, ఆల్కలైన్‌వే వాడండి. రీఛార్జబుల్‌వి 1.2 వోల్టులవి కాబట్టి లాక్ వాటిని ఎప్పుడూ తక్కువ ఛార్జీగా చదువుతుంది, ఆగిపోయేముందు సరైన హెచ్చరిక రాదు. మామూలు తాళంచెవి ఒకటి అదే బిల్డింగ్‌లో నమ్మకస్తుల ఇంట్లో ఉండాలి. ఇంటి లోపల కెమెరా ఎక్కడా పెట్టకండి. ఎయిర్‌బిఎన్‌బి 2024 ఏప్రిల్ 30 నుంచి లోపలి కెమెరాలను పూర్తిగా నిషేధించింది. నియమం లేకపోయినా అది గెస్టుల పడకగదుల విషయం, పెట్టకూడదు. బయట గుమ్మం దగ్గరున్నది లిస్టింగ్‌లో చెప్పి పెట్టుకోండి.

దూరం నుంచి నడపడానికి ఊళ్లో మూడు రకాల మనుషులు కావాలి: శుభ్రం చేసే జంట, ఎలక్ట్రీషియన్ పనీ ప్లంబింగ్ పనీ తెలిసినవాళ్లు, తాళం చూసుకునే మనిషి. వాచ్‌మన్‌ను చివరి పనికి పెట్టుకోవడం అలవాటు. పెట్టుకోండి, కానీ గెస్ట్‌కు ఇంత అని కాకుండా నెలకు ఇంత అని ఇవ్వండి. గెస్ట్‌కు ఇంత అంటే గెస్టుల దగ్గర కూడా చేయి చాపడం అలవాటవుతుంది. శుభ్రం చేసేవాళ్లకు ఒక్కో బసకు ఇంత అని, ఖాళీ నెలల్లో కూడా కనీసం ఇంత వస్తుందని హామీ ఇవ్వండి. డిసెంబరులో మీ ఇల్లే మొదట చేయాలంటే జులైలో వాళ్ల పొయ్యి వెలగాలి.

మీ పనంతా తేలేది చెక్-అవుట్ 11 గంటలకు, చెక్-ఇన్ 2 గంటలకు మధ్య ఉన్న మూడు గంటల్లో. డబుల్ బెడ్‌రూమ్‌కు ఇద్దరు మనుషులు రెండు గంటలు పనిచేయాలి. వరుస ముఖ్యం: ముందు మంచాల మీదివన్నీ లాగి మూట కట్టి, బాత్రూముల్లో క్లీనర్ వేసి పది నిమిషాలు వదిలేయాలి. ఈలోపు ఫ్రిజ్ ఖాళీ చేసి, గిన్నెలు కడిగి, ఆ తర్వాత బాత్రూములు, తర్వాత మంచాలు, చివరగా లోపలి గది నుంచి గుమ్మం వైపు నేల. యాసిడ్ క్లీనర్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపకూడదని వాళ్లకు గట్టిగా చెప్పండి, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్రూములో అది ప్రాణం తీయగలదు. ఒంటిగంటన్నరకల్లా మీ ఫోన్‌కు ఫొటోలు రావాలి: రెండు మంచాలు, మంచాల కింద, ఫ్రిజ్ లోపల, రెండు ట్రాప్‌లు, లెక్కపెట్టిన తువ్వాళ్లు, ఏసీ రిమోట్లు, బాల్కనీ గడియ. ఆ ఫొటోల మీద వచ్చే తేదీ, సమయం తర్వాత నష్టపరిహారం అడిగేటప్పుడు కూడా ఆధారం. ఎయిర్‌బిఎన్‌బిలో గెస్ట్ వెళ్లిన 14 రోజుల్లోగా అడగాలి. ముందు ఫొటో, తర్వాత ఫొటో, కొన్న బిల్లు మూడూ లేకపోతే విరిగిన టీవీకి కూడా డబ్బు రాదు.

విశాఖకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. హైదరాబాద్ నుంచి రాత్రి రైళ్లలో బయలుదేరినవాళ్లు తెల్లారేసరికి స్టేషన్‌లో దిగుతారు, తిరుగురైలు సాయంత్రం. అంటే ఉదయం ఏడుకు మీ గేటు ముందు పిల్లలతో, పెట్టెలతో నిలబడతారు, చెక్-ఇన్ మాత్రం మధ్యాహ్నం రెండుకు! దీన్ని మొహమాటంతో పరిష్కరించకండి, ముందే ధర పెట్టండి. క్రితం రాత్రి ఖాళీగా ఉంటే సగం అద్దెకు తెల్లవారుజాము చెక్-ఇన్ ఇస్తామని బుకింగ్ అయిన రోజే మెసేజ్ పెట్టండి. చాలామంది ఒప్పుకుంటారు, అది శుభ్రత ఖర్చు లేని రాబడి. ఖాళీగా లేకపోతే సామాను పెట్టుకోవడానికి కింద తాళమున్న చోటు, స్నానానికి, టిఫిన్‌కు దగ్గర్లో ఎక్కడ వీలవుతుందో చెప్పండి. వెళ్లేరోజు కూడా అంతే, 11కు ఖాళీ చేసి సామాను సాయంత్రం దాకా ఉంచుకోవచ్చని ముందే చెబితే ఆలస్యంగా వెళ్తామన్న అడుగులాట తగ్గుతుంది.

ధరలను పంచాంగం పక్కన పెట్టుకుని వేయండి. దసరా సెలవుల్లో మనవాళ్లతో పాటు దుర్గాపూజ సెలవులకు బెంగాల్ నుంచి అరకు మీదుగా తిరిగే కుటుంబాలు వస్తాయి. నవంబరు నుంచి జనవరి దాకా అరకు చలి, క్రిస్మస్, సంక్రాంతి. వేసవిలో బడిసెలవులు. అక్షయ తృతీయకు సింహాచలం చందనోత్సవం, ఆషాఢంలో గిరిప్రదక్షిణ. ఇవి వేదిక చూపించే సూచన ధరల్లో సరిగా రావు, మీరే చేత్తో వేయాలి. పెళ్లి ముహూర్తాలున్న వారాల్లో పెళ్లికొచ్చే బంధువులు ఇళ్లు వెతుక్కుంటారు. ధర బాగా పలుకుతుంది, అయితే ఐదుగురని చెప్పి పన్నెండుమంది దిగుతారు. గరిష్ఠం ఆరుగురు అని లిస్టింగ్‌లో రాసి, నాలుగు దాటిన ప్రతి మనిషికీ రాత్రికి 500 అని పెట్టి, పరుపులు అంతకు సరిపడానే ఉంచండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ధర తగ్గించి వైద్యం కోసం వచ్చేవాళ్లకు, ప్రాజెక్టుల మీద వచ్చే ఇంజనీర్లకు నెల బసకు ఇవ్వండి. మూడు వారాల ఒక్క గెస్ట్, పది మంది వారాంతపు గెస్టుల కంటే మేలు.

మొదటి మూడు బుకింగ్‌లకు 20 శాతం తక్కువకు ఇచ్చైనా మంచి రివ్యూలు తెచ్చుకోండి. రెండు మూడు వేదికల్లో పెడితే క్యాలెండర్ల మధ్య లింకు వెంటనే కలవదు, గంటలు పట్టవచ్చు. ఆ మధ్యలో ఒకే రాత్రికి ఇద్దరు బుక్ చేస్తారు. దానికి మందు: మీ ప్రధాన వేదికలో మాత్రమే అదేరోజు బుకింగ్ తెరిచి, మిగతావాటిలో కనీసం రెండు రోజుల ముందు అని పెట్టడం. మీరే రద్దు చేయాల్సి వస్తే జరిమానాతో పాటు ఎయిర్‌బిఎన్‌బి మంచి హోస్టులకిచ్చే సూపర్‌హోస్ట్ హోదాకూ దెబ్బే. దానికి రద్దు 1 శాతం లోపు, రేటింగ్ 4.8, జవాబు 90 శాతం ఉండాలి.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. హెచ్చరిక రాగానే బాల్కనీలోని కుర్చీలు, కుండీలు లోపల పెట్టించి, ఏసీలు ప్లగ్ తీయించి, ఆ తేదీల గెస్టులకు మీరే ఫోన్ చేసి డబ్బు వాపసు చెప్పండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి.

ఇక అరకు. అక్కడ స్థలం కొనాలన్న ఆలోచన దయచేసి ఇక్కడే ఆపండి. అరకు, లంబసింగి ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ, రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గిరిజనుల రక్షణకు గుర్తించిన ప్రాంతం. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధనల ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులకు అమ్మడం కుదరదు. ఆ నిబంధనల్లో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తాకట్టు, బహుమతి కూడా. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ రక్షణను మరింత గట్టి చేసింది. గిరిజనుల పేరు మీద కొని నేను నడుపుతానని, తొంభైతొమ్మిదేళ్ల అగ్రిమెంట్ రాసుకుంటానని చెప్పే దళారుల మాట వినకండి. అలాంటి కాగితం చెల్లదు, పెట్టిన డబ్బు, కట్టిన కాటేజీ రెండూ పోతాయి. అన్నిటికంటే ముందు ఆ భూమి వాళ్ల బతుకు. అరకు మీకు ఆదాయం కావాలంటే దారి వేరే ఉంది. మీ విశాఖ ఫ్లాట్‌లో దిగిన కుటుంబాలకు అరకు ఒక్కరోజు యాత్ర, అక్కడ గిరిజన కుటుంబాలే నడిపే బసలో ఒక రాత్రి కలిపి చెప్పండి. అరకు మీదుగా వెళ్లే విశాఖ–కిరండూల్ రైలుకు అద్దాల విస్టాడోమ్ పెట్టె ఉంది, ముందుగా టికెట్ తీసుకోమనండి. వాళ్లు మధ్యలో ఒక రాత్రి అరకులో ఉండి తిరిగి మీ దగ్గరికే వస్తే మీ బస రెండు రాత్రుల నుంచి మూడు, నాలుగు రాత్రులకు పెరుగుతుంది.